అక్షరాల తెర మీద చిత్రాలు: లినక్స్ కన్సోల్‌లో ఫోటోలను చూసే విధానం



లినక్స్ కంప్యూటర్‌ను గ్రాఫిక్స్ లేకుండా ప్రారంభిస్తే మనకు కనబడేది నల్లని తెర, దాని మీద తెల్లని అక్షరాలు, ఆదేశం కోసం ఎదురుచూస్తూ మిణుకుమిణుకుమనే ఒక కర్సర్. అక్కడ కిటికీలు ఉండవు, ఐకాన్లు ఉండవు, మౌసు బాణం కూడా ఉండదు. దీనినే టెక్స్ట్ కన్సోల్ అంటారు. ఈ తెర మీద ఉత్తరాలు రాయవచ్చు, ప్రోగ్రాములు రాయవచ్చు, లెక్కలు చేయవచ్చు. మరి ఒక ఫోటోను చూడగలమా? చూడలేమనే చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఆ క్రమంలోనే కంప్యూటర్‌కు అక్షరం అంటే ఏమిటి, చిత్రం అంటే ఏమిటి అనే మౌలికమైన విషయం కూడా తెలుసుకుందాం.

ఈ పాఠంలో ఆదేశాలను, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలలో టైపు చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ సంగతి విడిగా చెబుతాం.

అవసరం ఎప్పుడు వస్తుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంటి కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పాడైంది. పది సంవత్సరాల కుటుంబ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. వేరే చోట నకలు లేదు. గ్రాఫిక్స్ పనిచేయడం లేదు, లినక్స్ టెక్స్ట్ కన్సోల్ మాత్రం తెరుచుకుంటోంది. అటువంటి డిస్క్ నుండి ఫోటోలను వెలికితీయడానికి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఫోటోలను తిరిగి తెస్తుంది గాని వాటి పాత పేర్లను తేలేదు. ప్రతి ఫైలుకూ ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన ఒక పెద్ద సంఖ్య పేరుగా వస్తాయి. ఇటువంటి వేల ఫైళ్లలో అమ్మమ్మ ఫోటో ఏది, ఇంటర్నెట్‌లో చూసిన ఏదో ప్రకటన బొమ్మ ఏది? పేరు చూసి చెప్పలేం, కళ్లతో చూసి తీరాలి. డిస్క్ ఇంకా ఎన్ని గంటలు పనిచేస్తుందో తెలియదు. చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో అన్నీ పట్టవు.

ఇదే కాక, మెమరీ తక్కువగా ఉన్న పాత కంప్యూటర్లలోనూ, మానిటర్ తగిలించిన రాస్ప్‌బెరీ పై వంటి చిన్న బోర్డులలోనూ, గ్రాఫిక్స్ అసలే ఎక్కించని సర్వర్లలోనూ ఈ అవసరం వస్తుంది.

అక్షరాల తెర ఎలా పనిచేస్తుంది?

సంక్రాంతికి బజారులో ముగ్గుల అచ్చులు అమ్ముతారు. రేకుకు రంధ్రాలు ఉంటాయి. నేల మీద పెట్టి ముగ్గు పోస్తే, అచ్చులో ఏ పువ్వు ఉంటే ఆ పువ్వు పడుతుంది. అచ్చులో లేని పువ్వు మాత్రం పడదు. చేత్తో ముగ్గు వేసేవారికి ఈ ఇబ్బంది లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ చుక్క పెట్టగలరు.

పాత పీసీలలోని టెక్స్ట్ విధానం మొదటి రకానికి చెందినది. తెరను అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లుగా విభజిస్తారు. అంటే మొత్తం 2,000 గళ్లు. ఒక్కొక్క గడికి మెమరీలో రెండు బైట్లు కేటాయిస్తారు. మొదటి బైటులో ఏ అక్షరమో తెలిపే సంఖ్య, రెండవ బైటులో ఆ అక్షరం రంగు, దాని వెనుక రంగు ఉంటాయి. తెర మొత్తానికి 4,000 బైట్లు చాలు. గడిలో 65 అనే సంఖ్య వేస్తే గ్రాఫిక్స్ కార్డు తన దగ్గర ఉన్న అచ్చుల పెట్టెలోంచి ఆంగ్ల పెద్ద అక్షరం ‘ఎ’ ఆకారాన్ని తీసి ఆ గడిలో చూపిస్తుంది. ఆ పెట్టెలో ఉండే అచ్చులు 256. లినక్స్‌లో వీటిని 512 వరకు పెంచవచ్చు, కాని అందుకు కొన్ని రంగులను వదులుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తెర మీద నిజానికి అడ్డంగా 720, నిలువుగా 400, అంటే 2,88,000 చుక్కలు వెలుగుతున్నాయి. కాని వాటిలో ఏ ఒక్క చుక్కనూ మనం విడిగా వెలిగించలేము. మన అధికారం 2,000 గళ్ల వరకే. టెక్స్ట్ తెర మీద ఫోటో కనబడకపోవడానికి అసలు కారణం ఇదే.

చిత్రం ఫైలులో ఏముంటుంది?

చిత్రం అంటే వరుసలుగా పేర్చిన చుక్కలు. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో తెలిపే మూడు సంఖ్యలు ఉంటాయి. ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉంటుంది.

దీనిని మీ చేతితోనే పరీక్షించవచ్చు. పీపీఎం అనే చిత్ర రూపంలో ఒక రకాన్ని మామూలు ఎడిటర్‌లోనే రాయవచ్చు. మొదటి వరుసలో ఆంగ్ల పెద్ద అక్షరం పీ, దాని పక్కనే 3 అంకె వేయండి. రెండవ వరుసలో వెడల్పు, ఎత్తు: 3 3. మూడవ వరుసలో గరిష్ఠ విలువ: 255. ఆ తరువాత 255 153 51 అనే మూడు సంఖ్యలను మూడుసార్లు, 255 255 255 మూడుసార్లు, 19 136 8 మూడుసార్లు రాయండి. ఫైలును పట్టీ.పీపీఎం అనే పేరుతో దాచండి. పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చగా తొమ్మిది చుక్కల చిత్రం తయారైంది. మీరు రాసినవి అంకెలే.

అయితే ఒక పెద్ద ఫోటోను ఈ విధంగా దాస్తే చాలా స్థలం పడుతుంది. 3264×2448 పిక్సెల్స్ ఉన్న ఫోటోలో 79,90,272 చుక్కలు ఉంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున 2,39,70,816 బైట్లు, అంటే దాదాపు 24 మెగాబైట్లు కావాలి. అందుకే జేపెగ్, పీఎన్‌జీ వంటి రూపాలు ఈ సంఖ్యలను కుదించి దాస్తాయి. చిత్రం చూపించే ప్రోగ్రాము ముందుగా ఈ కుదింపును విప్పాలి. కాబట్టి ఫైలు రెండు మూడు మెగాబైట్లే ఉన్నా దానిని చూడటానికి అంతకు చాలా రెట్లు మెమరీ అవసరమవుతుంది. పాత కంప్యూటర్‌లో పెద్ద ఫోటో నెమ్మదిగా తెరుచుకోవడానికి ఇది ఒక కారణం.

కుదించిన ఫైలును నేరుగా తెర మీదికి పంపితే ఏమవుతుంది? ఫైలులోని అక్షరాలను తెర మీద చూపే క్యాట్ (సి, ఎ, టి) ఆదేశానికి ఒక జేపెగ్ ఫైలు పేరు ఇస్తే పిచ్చి గీతలు, గుర్తులు కుప్పలుగా వస్తాయి. మధ్యలో 7 అనే బైటు వస్తే బీప్ శబ్దం వినబడుతుంది. కొన్ని బైట్లను కన్సోల్ ఆజ్ఞలుగా తీసుకుంటుంది. వాటి వల్ల ఆ తరువాత మనం టైపు చేసే అక్షరాలు కూడా వికృతంగా కనబడవచ్చు. భయపడనవసరం లేదు. రీసెట్ అనే ఆదేశాన్ని టైపు చేసి ఎంటర్ నొక్కితే తెర మామూలు స్థితికి వస్తుంది.

చిత్రాన్ని తెరవకుండానే దాని వివరాలు తెలుసుకోవాలంటే ఫైల్ (ఎఫ్, ఐ, ఎల్, ఇ) అనే ఆదేశం వాడాలి. అది పేరు చివరి అక్షరాలను నమ్మదు, ఫైలు లోపలి మొదటి బైట్లను చదువుతుంది. జేపెగ్ ఫైలు 255, 216 అనే బైట్లతో మొదలవుతుంది. పీఎన్‌జీ ఫైలు 137తో మొదలై, తరువాతి మూడు బైట్లలో పీ, ఎన్, జీ అనే అక్షరాలను కలిగి ఉంటుంది. పేరు పోయిన ఫైలును గుర్తుపట్టడానికి ఇది మొదటి మెట్టు.

మొదటి మార్గం: చిత్రాన్ని అక్షరాలుగా మార్చడం

తెర అక్షరాలనే చూపిస్తుంది కాబట్టి, చిత్రాన్నే అక్షరాలలోకి మార్చడం ఒక ఉపాయం. అక్షరాలన్నీ గడిలో ఒకే మేర స్థలాన్ని నింపవు. ఫుల్‌స్టాప్ కొద్ది చుక్కలనే వెలిగిస్తుంది, హ్యాష్ గుర్తు చాలా చుక్కలను వెలిగిస్తుంది. నల్లని తెర మీద ఎక్కువ చుక్కలు వెలిగే గుర్తు దూరం నుండి ప్రకాశవంతంగా కనబడుతుంది.

ఖాళీ, ఫుల్‌స్టాప్, కోలన్, హైఫన్, సమానం, ప్లస్, నక్షత్రం, హ్యాష్, శాతం, ఎట్ అనే పది గుర్తులను చీకటి నుండి వెలుగుకు పది మెట్లుగా తీసుకుందాం. ఇప్పుడు ప్రతి చుక్క ఎంత ప్రకాశవంతమైనదో లెక్కించాలి. అందుకు వాడే సూత్రం ఇది: ఎరుపు విలువను 0.299తోనూ, ఆకుపచ్చను 0.587తోనూ, నీలాన్ని 0.114తోనూ గుణించి కూడాలి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ ప్రకాశవంతంగానూ, నీలం తక్కువ ప్రకాశవంతంగానూ తోచడమే ఈ తేడాకు కారణం.

బంతిపువ్వు రంగులాంటి 255, 165, 0 విలువలను తీసుకోండి. 76 + 97 + 0, అంటే సుమారు 173 వస్తుంది. 256 విలువలను పది మెట్లుగా పంచితే మెట్టుకు 25.6 చొప్పున 173 ఏడవ మెట్టులో పడుతుంది. అక్కడ ఉన్నది నక్షత్రం గుర్తు. అదే ముదురు నీలం 0, 0, 255 అయితే విలువ 29 మాత్రమే. రెండవ మెట్టు, అంటే ఫుల్‌స్టాప్. ఈ విధంగా బంతిపూల రాశి నక్షత్రాలుగానూ, నీలి చీర చుక్కలుగానూ మారిపోతాయి.

ఈ పనిని యాన్ హుబిచ్కా తదితరులు రూపొందించిన ఏఏలిబ్ అనే ప్రోగ్రాముల సంపుటి ఇంకొంచెం తెలివిగా చేస్తుంది. అది ఒక్కొక్క గడిని నాలుగు భాగాలుగా ఊహించుకుని, ఆ నాలుగు మూలల వెలుగునీడలకు దగ్గరగా ఉండే ఆకారం గల అక్షరాన్ని ఎంచుకుంటుంది. అందువల్ల 80×25 గళ్ల తెర 160×50 చుక్కల చిత్రం చూపినంత స్పష్టతనిస్తుంది. దీనిని వాడుకునే ఆస్కీవ్యూ అనే ఆదేశానికి ఫోటో పేరు ఇస్తే చాలు. రంగులు కూడా కావాలంటే లిబ్‌కాకా సంపుటిలోని కాకావ్యూ ఉంది. ఇటీవలి కాలంలో చాఫా అనే ప్రోగ్రాము వాడుకలోకి వచ్చింది.

ఈ మార్గంలో వివరాలు పోతాయన్నది నిజమే. 160×50 అంటే 8,000 చుక్కలు మాత్రమే. ముఖం ఎవరిదో పోల్చుకోవడం కష్టం కావచ్చు. కాని ఒక గొప్ప లాభం ఉంది. ఫలితం అక్షరాలే కాబట్టి అక్షరాలు వెళ్లగలిగిన ప్రతి చోటికీ చిత్రం కూడా వెళుతుంది. ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశించినప్పుడు ఇది బాగా ఉపకరిస్తుంది.

చిత్రాన్ని అక్షరాలలో దాచి పంపే మరొక పద్ధతి 1980ల నాటి డెక్ కంపెనీ టెర్మినళ్లలో, ప్రింటర్లలో ఉండేది. దాని పేరు సిక్సెల్. ఇందులో ఒక్కొక్క అక్షరం నిలువుగా ఆరు చుక్కల సమాచారాన్ని మోస్తుంది. ఆరు చుక్కలు వెలగడం, ఆరడం మొత్తం 64 రకాలుగా జరగవచ్చు. అందుకే 63 నుండి 126 వరకు గల 64 అక్షరాలను ఇందుకు కేటాయించారు. ఈనాటి కొన్ని టెర్మినల్ ప్రోగ్రాములు కూడా సిక్సెల్‌ను అర్థం చేసుకుంటాయి. లినక్స్ సొంత కన్సోల్ మాత్రం అర్థం చేసుకోదు.

రెండవ మార్గం: ఫ్రేమ్‌బఫర్

అచ్చులను పక్కనబెట్టి చేత్తోనే చుక్కలు పెట్టే మార్గం ఇది. గ్రాఫిక్స్ కార్డును మొదటి నుండే చుక్కల విధానంలో ఉంచితే, తెర మీది ప్రతి చుక్కకూ మెమరీలో ఒక చోటు ఉంటుంది. ఆ చోట సంఖ్య మారిస్తే తెర మీద చుక్క రంగు మారుతుంది. ఈ మెమరీ భాగమే ఫ్రేమ్‌బఫర్. 1024×768 తెరలో 7,86,432 చుక్కలు, చుక్కకు నాలుగు బైట్ల చొప్పున 31,45,728 బైట్లు, అంటే సరిగ్గా 3 మెగాబైట్లు. అక్షరాల విధానంలోని 4,000 బైట్లతో దీనిని పోల్చి చూడండి.

ఈ పద్ధతి లినక్స్‌లోకి వచ్చిన తీరు ఆసక్తికరమైనది. అటారీ, అమిగా, మెకింటాష్ వంటి మోటరోలా 680×0 కంప్యూటర్లలో టెక్స్ట్ విధానమే లేదు. వాటి కోసం లినక్స్ కెర్నెల్ తన అక్షరాలను తానే చుక్కచుక్కగా గీయవలసి వచ్చింది. అలా పుట్టిన ఏర్పాటు 1999 జనవరిలో విడుదలైన 2.2 కెర్నెల్ నాటికి సాధారణ పీసీలకూ అందింది. పీసీల కోసం వీసాఎఫ్‌బి అనే డ్రైవరును 1998లో గెర్డ్ నార్ రాశారు. మనం ఇప్పుడు నేర్చుకోబోయే ఎఫ్‌బిఐ కూడా ఆయన రాసినదే.

కన్సోల్ ప్రారంభమయ్యేటప్పుడు తెర పై భాగంలో పెంగ్విన్ బొమ్మను మీలో కొందరు చూసే ఉంటారు. లారీ ఎవింగ్ 1996లో గీసిన లినక్స్ చిహ్నం అది. కెర్నెల్‌లో ఆ బొమ్మ 80×80 చుక్కలతో, 224 రంగులతో, మీరు ఇందాక రాసిన పీపీఎం రూపంలోనే ఉంటుంది. చాలా కంప్యూటర్లలో ఎన్ని ప్రాసెసర్లుంటే అన్ని పెంగ్విన్లు వరుసగా కనబడతాయి. మీ కన్సోల్ మీద పెంగ్విన్ కనబడిందంటే ఆ తెర చిత్రాలు చూపగలదని అర్థం.

లినక్స్‌లో పరికరాలు కూడా ఫైళ్లుగానే కనబడతాయి. ఫ్రేమ్‌బఫర్ పేరు:

/డెవ్/ఎఫ్‌బి0

ఈ ఫైలు ఉన్నదో లేదో ఎల్ఎస్ ఆదేశంతో చూడండి. ఉంటే, తగిన అనుమతితో ఈ చిన్న ప్రయోగం చేయవచ్చు:

క్యాట్ /డెవ్/యురాండమ్ > /డెవ్/ఎఫ్‌బి0

యురాండమ్ నుండి యాదృచ్ఛిక సంఖ్యలు వస్తాయి. అవి ఫ్రేమ్‌బఫర్‌లో పడగానే తెర మొత్తం రంగురంగుల ఇసుక చల్లినట్లు నిండిపోతుంది. చివర స్థలం చాలలేదనే సందేశం వస్తుంది. మెమరీ నిండిందని దాని అర్థం, పాడైందేమీ లేదు. క్లియర్ ఆదేశంతో తెరను శుభ్రం చేయవచ్చు. ఫోటో చూపించే ప్రోగ్రాము చేసేది కూడా ఇదే పని. కాకపోతే అది యాదృచ్ఛిక సంఖ్యలకు బదులు ఫోటోలోని సంఖ్యలను, సరైన చోట, సరైన క్రమంలో వేస్తుంది.

ఎఫ్‌బిఐ వాడే విధానం

ఎఫ్‌బిఐ అంటే ఫ్రేమ్‌బఫర్ ఇమేజ్ వ్యూయర్. ముందుగా దీనిని ఎక్కించుకోవాలి. డెబియన్, ఉబుంటు వంటి వాటిలో ఎఫ్‌బిఐ అనే పేరుతోనే దొరుకుతుంది. గ్రాఫిక్స్‌లో ఉన్నవారు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను ఒకేసారి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కు మారవచ్చు. అక్కడ లాగిన్ అయి ఇలా టైపు చేయాలి:

ఎఫ్‌బిఐ -ఎ గోల్కొండ.జేపీజీ

ఇక్కడ ‘-ఎ’ అంటే చిత్రాన్ని తెరకు సరిపడేలా అమర్చమని అర్థం. 3264×2448 ఫోటోను 1024×768 తెర మీద పూర్తిగా చూపాలంటే రెండు వైపులా 3.1875 రెట్లు తగ్గించాలి. తెర మీది ఒక్కొక్క చుక్క ఫోటోలోని సుమారు పది చుక్కలకు ప్రతినిధి అవుతుంది. ‘-ఎ’ ఇవ్వకపోతే ఫోటోలో ఒక భాగమే కనబడుతుంది. అప్పుడు బాణం కీలతో మిగిలిన భాగాలకు జరగాలి.

చిత్రం కనబడుతున్నప్పుడు పనికివచ్చే కీలు ఇవి. ప్లస్, మైనస్ కీలు చిత్రాన్ని పెద్దదిగా, చిన్నదిగా చేస్తాయి. స్పేస్ లేదా పేజ్ డౌన్ తరువాతి చిత్రానికి, పేజ్ అప్ ముందటి చిత్రానికి తీసుకువెళతాయి. ఐ కీ నొక్కితే కెమెరా నమోదు చేసిన వివరాలు కనబడతాయి. హెచ్ కీ సహాయం చూపుతుంది. క్యూ లేదా ఎస్కేప్ నొక్కితే బయటికి వస్తాం. ‘-టి 5’ అని ఇస్తే ఐదేసి సెకన్లకు ఒక చిత్రం దానంతటదే మారుతుంది. పాఠశాలలో ఒక పాత మానిటర్‌ను ఫోటోల ప్రదర్శనకు వాడుకోవాలంటే ఇది చాలు.

ఎంటర్ కీకి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. అది తరువాతి చిత్రానికి వెళ్లడంతోపాటు, ఇప్పుడు చూస్తున్న ఫైలు పేరును ప్రోగ్రాము ఫలితంగా రాస్తుంది. పాడైన డిస్క్ ఉదాహరణను గుర్తుచేసుకోండి. అక్కడ ఇలా టైపు చేయాలి:

ఎఫ్‌బిఐ -ఎ *.జేపీజీ > ఎంపిక

ఇక ఫోటోలు ఒక్కొక్కటిగా వస్తాయి. అక్కరలేనిదైతే స్పేస్ నొక్కండి. అమ్మమ్మ ఫోటో కనబడితే ఎంటర్ నొక్కండి. చివరికి ‘ఎంపిక’ అనే ఫైలులో మీరు కోరుకున్న ఫోటోల పేర్లు మాత్రమే ఉంటాయి. పెన్‌డ్రైవ్ /ఎంఎన్‌టి వద్ద తగిలించి ఉంటే ఈ ఒక్క వరుస వాటిని అక్కడికి చేరుస్తుంది:

ఎక్స్‌ఆర్గ్స్ -ఎ ఎంపిక సిపి -టి /ఎంఎన్‌టి

కిటికీలు, ఐకాన్లు లేని తెర మీద, కొద్ది ఆదేశాలతో, పోయాయనుకున్న ఫోటోలలో ముఖ్యమైనవి భద్రమైన చోటికి చేరాయి.

పీడీఎఫ్ పాఠ్యపుస్తకాలను చూడటానికి ఎఫ్‌బిఐతోపాటు ఎఫ్‌బిజిఎస్ అనే తోడు ప్రోగ్రాము ఉంది. అది ఘోస్ట్‌స్క్రిప్ట్ సహాయంతో పేజీలను చిత్రాలుగా మార్చి చూపుతుంది. ఇందాక మీరు రాసిన పట్టీ.పీపీఎం చూడాలంటే ఇమేజ్‌మ్యాజిక్‌లోని కన్వర్ట్ ఆదేశంతో దానిని పీఎన్‌జీగా మార్చి, ఎఫ్‌బిఐకి ఇచ్చి, ప్లస్ కీ నొక్కుతూ పోండి. ఇమేజ్‌మ్యాజిక్ 7వ విడుదలలో కన్వర్ట్‌కు బదులు మ్యాజిక్ అనే ఆదేశం వచ్చింది.

సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు

మొదటిది అనుమతి. /డెవ్/ఎఫ్‌బి0 ను అందరూ తెరవలేరు. చాలా లినక్స్ వ్యవస్థలలో వీడియో అనే గుంపులోని సభ్యులకే ఆ హక్కు ఉంటుంది. సూపర్ యూజర్ మిమ్మల్ని ఆ గుంపులో చేర్చి, మీరు మళ్లీ లాగిన్ అయితే సరిపోతుంది. ఈ కట్టడి ఎందుకో ఆలోచించండి. ఫ్రేమ్‌బఫర్‌లో రాయగలిగినవారు దానిని చదవగలరు కూడా. అంటే తెర మీద వేరొకరు చూస్తున్నదంతా నకలు తీసుకోగలరు. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఈ అనుమతిని ఆచితూచి ఇవ్వాలి.

రెండవది దూరపు కంప్యూటర్. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లి ఎఫ్‌బిఐ నడిపితే, ఇది లినక్స్ కన్సోల్ కాదనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోతుంది. సూపర్ యూజర్ హోదాలో పెద్ద అక్షరం టి వాడి ‘-టి 1’ అని ఇస్తే నడుస్తుంది. కాని చిత్రం మీ ముందున్న తెర మీద రాదు, అక్కడి కంప్యూటర్‌కు తగిలించిన మానిటర్ మీద వస్తుంది. ఫ్రేమ్‌బఫర్ అక్కడి కార్డులోనిది గనుక ఇది సహజమే. మీ తెర మీదే చూడాలంటే మొదటి మార్గమైన అక్షర చిత్రాలే శరణ్యం.

మూడవది ఫ్రేమ్‌బఫర్ అసలు లేకపోవడం. 2000ల నాటి పీసీలలో ప్రారంభ సమయంలో కెర్నెల్‌కు వీజీఏ=791 అనే సూచన ఇచ్చి 1024×768 తెరను తెచ్చుకునేవారు. 2009లో వచ్చిన 2.6.29 కెర్నెల్ నుండి తెర పరిమాణాన్ని కెర్నెలే స్వయంగా అమర్చే పద్ధతి మొదలైంది. దీనిని కేఎంఎస్ అంటారు. నేడు చాలా కంప్యూటర్లలో మానిటర్‌కు తగిన పరిమాణం దానంతటదే వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్లు ఇప్పుడు డీఆర్ఎం అనే కొత్త ఏర్పాటుకు మారినా, పాత ప్రోగ్రాముల కోసం /డెవ్/ఎఫ్‌బి0 ను చాలావరకు అందిస్తూనే ఉన్నాయి.

మన లిపి సంగతి

ఇప్పుడు తెలుగు విద్యార్థులకు దగ్గరి విషయం ఒకటి. లినక్స్ కన్సోల్‌లో తెలుగు ఫైలును తెరిస్తే అక్షరాలకు బదులు చతురస్రాలో ప్రశ్నార్థకాలో కనబడతాయి. కారణం మీకు ఇప్పటికే తెలుసు. అచ్చులు 512కి మించవు, ఒక్కొక్క అచ్చూ ఒకే కొలత గల గడిలో ఇమడాలి. మరి ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని చూడండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు సంకేతాల వరుస. వీటిని కలిపి, ఒత్తులను సరైన చోట అమర్చి, ఒకే ఆకారంగా గీయాలి. ఒక సంఖ్యకు ఒక అచ్చు అనే పద్ధతికి ఇది లొంగదు.

ఈ సమస్య లినక్స్‌తో మొదలైనది కాదు. డాస్ కాలంలో భారతీయ లిపులను అక్షరాల తెర మీదికి తేవడానికి జిస్ట్ అనే సాంకేతికత ఐఐటీ కాన్పూర్‌లో రూపుదిద్దుకుంది. 1980ల చివర నుండి పుణేలోని సీ-డాక్ దానిని అభివృద్ధి చేసింది. కంప్యూటర్‌లో ప్రత్యేకంగా జిస్ట్ కార్డు బిగిస్తే తెలుగుతో సహా మన లిపులు తెర మీద కనబడేవి. పీసీలోని మామూలు అచ్చుల పెట్టె చాలకపోతే వేరే కార్డు పెట్టి ఆ పని చేయించారన్నమాట.

ఈనాడు కార్డు అక్కరలేదు. అక్షరాలను చిత్రంగా మార్చుకుంటే చాలు. పాంగో అనే సంపుటి తెలుగు గుణింతాలను, ఒత్తులను సరిగా అమర్చగలదు. లోహిత్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు ఒకటి ఉండాలి. పాంగో-వ్యూ ఆదేశంతో తెలుగు ఫైలును పీఎన్‌జీ చిత్రంగా మార్చి, దానిని ఎఫ్‌బిఐతో చూడవచ్చు:

పాంగో-వ్యూ -క్యూ -ఓ ఉత్తరం.పీఎన్‌జీ ఉత్తరం.టీఎక్స్‌టీ
ఎఫ్‌బిఐ ఉత్తరం.పీఎన్‌జీ

అంతవరకు చతురస్రాలుగా కనబడిన ఉత్తరం చక్కని తెలుగులో తెర మీద ప్రత్యక్షమవుతుంది.

ముగింపు

ఫ్రేమ్‌బఫర్ ఉన్న కన్సోల్‌లో మనం చూస్తున్న ఆంగ్ల అక్షరాలను కూడా కెర్నెల్ చుక్కలతోనే గీస్తోంది. నేటి యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో లినక్స్ కన్సోల్ పాత అచ్చుల విధానాన్ని వాడదు, మొదటి నుండీ చుక్కల తెర మీదే నడుస్తుంది. కాబట్టి మనం ‘అక్షరాల తెర’ అని పిలుస్తున్నది నిజానికి అక్షరాల చిత్రాలు చూపుతున్న తెర. చిత్రం సంఖ్యలుగా మారుతుంది, అక్షరమూ సంఖ్యగా మారుతుంది, చివరికి రెండూ చుక్కలుగానే వెలుగుతాయి. ‘ఈ తెర మీద ఇది రాదు’ అని ఎవరైనా అన్నప్పుడు, అడ్డుపడుతున్నది తెరా, మధ్యలోని ప్రోగ్రామా, అనుమతా అని విడదీసి ఆలోచించడం అలవాటు చేసుకోండి. దారి అక్కడే దొరుకుతుంది.

అభ్యాసం

1. 80×25 గళ్ల తెరకు 4,000 బైట్లు ఎలా సరిపోతాయి? 1024×768 ఫ్రేమ్‌బఫర్‌కు చుక్కకు రెండు బైట్ల చొప్పున ఎన్ని బైట్లు కావాలో లెక్కించండి.

2. స్వచ్ఛమైన ఆకుపచ్చ 0, 255, 0 ప్రకాశం ఎంత? పాఠంలోని పది మెట్లలో దానికి ఏ గుర్తు వస్తుంది?

3. ఎస్ఎస్‌హెచ్ ద్వారా నడిపిన ఎఫ్‌బిఐ చిత్రాన్ని మన తెర మీద ఎందుకు చూపదు? ఆస్కీవ్యూ ఎందుకు చూపగలదు?

4. ఫ్రేమ్‌బఫర్‌ను తెరిచే అనుమతిని అందరికీ ఇవ్వడంలో ఉన్న ప్రమాదం ఏమిటి?

5. మీ పేరులోని మొదటి తెలుగు అక్షరాన్ని 16×16 గళ్ల కాగితం మీద చుక్కలతో గీసి, పీపీఎం ఫైలుగా రాసి, కన్సోల్ మీద చూడండి. ఒత్తు ఉన్న అక్షరానికి ఆ 16 వరుసలు చాలాయో లేదో గమనించండి.